పారిశ్రామిక నిర్వహణ: ఎలా చదవాలి, చదివాక ఏ ఉద్యోగాలకు వెళ్ళవచ్చు

ఒక కర్మాగారంలోకి ముడిసరకుగా వెళ్ళిన వస్తువు తయారై బయటికి రావడానికి పది రోజులు పట్టిందనుకుందాం. ఆ పది రోజుల్లో యంత్రం దాని మీద నిజంగా పనిచేసిన సమయం ఎంతని లెక్క తీస్తే, చాలాసార్లు అది కొన్ని గంటలకు మించదు. మిగిలిన కాలమంతా ఆ వస్తువు ట్రాలీలోనో, ర్యాకులోనో, తనిఖీ బల్ల మీదనో తన వంతు కోసం పడి ఉంటుంది. యంత్రాన్ని ఎలా నిర్మించాలన్నది మెకానికల్ ఇంజనీరు చూసుకుంటారు, పెట్టుబడి ఎక్కడి నుంచి తేవాలన్నది ఫైనాన్స్ వారు చూసుకుంటారు. ఆ వస్తువు ఎందుకు ఆగిపోయింది, ఎక్కడ ఆగిపోయింది, దాన్ని కదిలించడానికి ఏం చేయాలి అన్నది మాత్రం పారిశ్రామిక నిర్వహణ చదివినవారి పని. ఈ చదువులోకి రాదలచినవారు ఇలాంటి ప్రశ్న తమను కుదురుగా ఉండనిస్తుందో లేదో ముందు తేల్చుకోవాలి. మేనేజ్‌మెంట్ అనే మాట చూసి, ఏసీ గదిలో కూర్చుని ఆదేశాలిచ్చే ఉద్యోగాన్ని ఊహించుకుని చేరినవారు మొదటి ఇంటర్న్‌షిప్‌లోనే నిరాశపడతారు.

కోర్సు ఎంచుకునేటప్పుడు

ఈ రంగంలో పేర్ల గందరగోళం ఎక్కువ. ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్, ప్రొడక్షన్ ఇంజనీరింగ్, ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్, ఇంజనీరింగ్ మేనేజ్‌మెంట్, ఇండస్ట్రియల్ మేనేజ్‌మెంట్ అని రకరకాల డిగ్రీలు ఉంటాయి. స్థూలంగా చెప్పాలంటే, ఇంజనీరింగ్ అన్న పేరున్న కోర్సుల్లో గణితం, యంత్రవిద్య పాలు ఎక్కువగాను, మేనేజ్‌మెంట్ అన్న పేరున్నవాటిలో ఖర్చుల లెక్కలు, మనుషులతో వ్యవహారం, నిర్ణయాలు తీసుకునే పద్ధతుల పాలు ఎక్కువగాను ఉంటాయి. అయితే ఈ విభజన అన్నిచోట్లా ఒకేలా ఉండదు కాబట్టి పేరును నమ్మకుండా సిలబస్ తెరిచి చదవాలి. స్టాటిస్టిక్స్‌కు కనీసం రెండు సెమిస్టర్లు కేటాయించారా, ఆపరేషన్స్ రీసెర్చ్ (ఉన్న పరిమితుల్లో మేలైన నిర్ణయాన్ని గణితంతో వెతికే శాస్త్రం) ఉందా, కాస్ట్ అకౌంటింగ్ ఉందా, ఆఖరి ప్రాజెక్టును నిజమైన ప్లాంటులో చేయిస్తారా లేక లైబ్రరీలో కూర్చుని రాసి ఇస్తే సరిపోతుందా అన్న నాలుగు విషయాలు చూస్తే ఆ కోర్సు లోతు చాలావరకు అర్థమైపోతుంది. వీటిలో నాలుగోది లేని కోర్సులో, మిగిలిన మూడూ ఎంత బాగున్నా, చేరవద్దనే నేను చెబుతాను.

ఇంజనీరింగ్ డిగ్రీ ఉన్నవారికి ఆ తర్వాత రెండేళ్ళ మాస్టర్స్‌గా దీన్ని చదవడం సులువైన మార్గం. సైన్సు, కామర్స్ నేపథ్యం ఉన్నవారు కూడా రావచ్చు గానీ, ఇంజనీరింగ్ డ్రాయింగ్ చదవడం, లేత్, మిల్లింగ్, ప్రెస్, వెల్డింగ్ వంటి ప్రక్రియల్లో ఏ పని ఎలా జరుగుతుందో తెలుసుకోవడం అనే రెండింటినీ సొంతంగా నేర్చుకోక తప్పదు. రెండు మూడేళ్ళు ప్లాంటులో పనిచేసి తిరిగి చదువుకు వచ్చేవారికి తరగతిలో చెప్పే ప్రతి సూత్రానికీ ఒక ముఖమో ఒక యంత్రమో గుర్తుకు వస్తుంది. ఆ వెసులుబాటు ఉన్నవారు దాన్ని వదులుకోకూడదు.

ఈ శాస్త్రం ఎక్కడి నుంచి వచ్చింది

చరిత్రను పరీక్ష కోసం బట్టీ పట్టనవసరం లేదు, కానీ నేటి పనిముట్లు ఏ చిక్కును విప్పడానికి పుట్టాయో తెలిస్తే వాటిని ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో తెలుస్తుంది. అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ స్టాప్‌వాచ్ పట్టుకుని ఉక్కు కర్మాగారాల్లో పనిని చిన్న చిన్న భాగాలుగా విడగొట్టి కొలిచారు. ఫ్రాంక్ గిల్‌బ్రెత్ ఇటుకలు పేర్చే తాపీ పనిలో ఒక్కో ఇటుకకు అవసరమైన 18 కదలికలను 5కు తగ్గించి చూపించారు, ఆయన భార్య లిలియన్ ఆ అధ్యయనాలకు మనస్తత్వశాస్త్రాన్ని జోడించారు. 1908లో పెన్సిల్వేనియా స్టేట్ కళాశాలలో హ్యూగో డీమర్ ఆధ్వర్యంలో ఈ విద్య కళాశాల పాఠ్యక్రమంలోకి ప్రవేశించింది. 1913లో ఫోర్డ్ హైలాండ్ పార్క్ కర్మాగారంలో కదిలే అసెంబ్లీ లైను వచ్చాక, అంతకుముందు పన్నెండున్నర గంటలు పట్టిన కారు ఛాసిస్ (చట్రం) బిగింపు కొద్ది నెలల్లోనే 93 నిమిషాలకు తగ్గింది. ఆ లైనులో ఎవరూ మునుపటికంటే గబగబా పరుగెత్తలేదు. మనిషి పని దగ్గరికి వెళ్ళడం మాని, పని మనిషి దగ్గరికి రావడంతో నడకలు, వెతుకులాటలు, ఎదురుచూపులు పోయాయి.

ఏ వరుసలో చదవాలి

మొదట స్టాటిస్టిక్స్ చదవాలి. ఇది చాలామందికి రుచించని సలహా, అయినా వరుస మార్చడానికి వీల్లేదు. 1924లో బెల్ సంస్థ ఇంజనీరు వాల్టర్ షూహార్ట్, కొలతలను హద్దు గీతల మధ్య గుర్తించి చూసే కంట్రోల్ చార్ట్ ఆలోచనను తన పై అధికారికి ఒక పేజీ నోటుగా రాసి ఇచ్చారు. ఏ ప్రక్రియలోనైనా కొంత హెచ్చుతగ్గు దాని స్వభావంలోనే ఉంటుందని, కొంత మాత్రం ఏదో ప్రత్యేక కారణం వల్ల వస్తుందని, ఈ రెండింటినీ వేరు చేయకుండా సరిదిద్దబోతే నష్టమే జరుగుతుందని దాని సారం. ఒక లేత్ మీద తయారయ్యే పిన్ను వ్యాసం 20 మిల్లీమీటర్లు ఉండాలి. ఒక పిన్ను 20.02 వచ్చిందని ఆపరేటరు వ్యాసపు సెట్టింగును 0.02 తగ్గిస్తాడు, తర్వాతిది 19.97 వస్తే 0.03 పెంచుతాడు. అతడు ఎంతో శ్రద్ధగా పనిచేస్తున్నాడనే అందరూ అనుకుంటారు. నిజానికి ఆ తేడాలు యంత్రం సహజమైన ఊగిసలాట అయినప్పుడు, ప్రతి పిన్ను తర్వాతా ఇలా సర్దుతూ పోతే కొలతల వేరియన్స్, అంటే అవి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె, రెట్టింపు అవుతుంది. ముట్టుకోకుండా వదిలేస్తే అంతకంటే మంచి పిన్నులు వచ్చేవి. ఈ ఒక్క ఉదాహరణ పూర్తిగా మనసుకెక్కినవారు నెలవారీ అమ్మకాల పట్టికను చూసి కంగారు పడే మేనేజరు తప్పును కూడా వెంటనే పట్టుకోగలరు.

దాని తర్వాత ఉత్పత్తి ప్రణాళిక, సామర్థ్యపు లెక్కలు. ఇక్కడ పుస్తకం మూసి, కాగితం మీద ఒక చిన్న లైను గీసుకోవడం మంచిది. కటింగ్ యంత్రం గంటకు 40 ముక్కలు కోస్తుంది, డ్రిల్లింగ్ యంత్రం 24 ముక్కలకు రంధ్రాలు వేస్తుంది, పెయింటింగ్ బూత్ 30 ముక్కలకు రంగు వేస్తుంది. లైను గంటకు ఎంత ఇస్తుంది? 24. ఇది అందరికీ తెలిసినట్టే ఉంటుంది గానీ, కటింగ్ ఆపరేటరు పనితీరును అతడు కోసిన ముక్కల సంఖ్యతో కొలిచే ప్లాంటులో అతడు రోజంతా 40 చొప్పున కోస్తూనే ఉంటాడు. ఇప్పుడు డ్రిల్లింగ్ దగ్గర షిఫ్టుకు రెండుసార్లు మోడల్ మార్చాలని, ఒక్కో మార్పుకు అరగంట పోతుందని అనుకుందాం. ఎనిమిది గంటల షిఫ్టులో అది నడిచేది ఏడు గంటలే కాబట్టి 168 ముక్కలు వస్తాయి. కటింగ్ వైపు నుంచి 320 వచ్చి పడ్డాయి. షిఫ్టు ముగిసేసరికి డ్రిల్లింగ్ ముందు 152 ముక్కలు పేరుకుంటాయి, ఆ గుట్టలో చివరన ఉన్న ముక్క తన వంతు కోసం ఏడు గంటలకు పైగా ఆగాలి.

ఇక్కడ అనుభవం లేనివారు కొత్త డ్రిల్లింగ్ యంత్రం కొనమంటారు. చదువుకున్నవారు ముందు ఆ అరగంట మోడల్ మార్పును దగ్గర నిలబడి చూస్తారు. యంత్రం ఆగిన తర్వాత ఆపరేటరు స్టోర్స్‌కు వెళ్ళి ఫిక్చర్ (ముక్కను బిగించి పట్టుకునే సాధనం) తెచ్చుకోవడం, సరైన స్పానర్ కోసం వెతకడం, డ్రాయింగ్ తెప్పించుకోవడం, మొదటి ముక్కను ఇన్‌స్పెక్టరు వచ్చి చూసేదాకా చేతులు కట్టుకుని నిలబడడం అన్నీ ఆ అరగంటలోనే ఉంటాయి. యంత్రం నడుస్తుండగానే చేసిపెట్టుకోగల పనులను, యంత్రం ఆగితే తప్ప చేయలేని పనులను విడదీయాలని జపాన్ ఇంజనీరు షిగెయో షింగో చెప్పింది దీని గురించే. మార్పు సమయం అరగంట నుంచి పావుగంటకు తగ్గితే షిఫ్టుకు అరగంట మిగులుతుంది, అంటే 12 ముక్కలు అదనంగా వస్తాయి. అదే శ్రమను కటింగ్ దగ్గర పెట్టి ఉంటే గుట్ట పెరిగేది తప్ప బయటికి వెళ్ళే సరకు ఒక్క ముక్క కూడా పెరిగేది కాదు.

క్యూల గణితం కూడా ఈ దశలోనే నేర్చుకోవాలి. పని ఎప్పుడు పడితే అప్పుడు వచ్చిపడే చోట, ఒక్కో పనికి పట్టే సమయం కూడా ఒకేలా ఉండని చోట, ఒకే యంత్రం 80 శాతం సమయం పనిలో ఉంటే ఒక్కో పని సగటున తనకు పట్టే సమయానికి 4 రెట్లు వరుసలో ఆగుతుంది. 90 శాతం అయితే 9 రెట్లు, 95 శాతం అయితే 19 రెట్లు. సరళమైన క్యూ నమూనా చెప్పే ఈ మూడు అంకెలు యంత్రాలు ఒక్క నిమిషం కూడా ఖాళీగా ఉండకూడదన్న పాత పట్టుదల ఎంత ఖరీదైనదో చూపిస్తాయి. దీన్ని పరీక్షించడానికి కర్మాగారమే అక్కర్లేదు. ఏదైనా కౌంటరు దగ్గర గంటసేపు నిలబడి, ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎప్పుడు కౌంటరు చేరారో, ఎప్పుడు వెళ్ళిపోయారో మూడు గడుల్లో రాసుకుంటే చాలు.

నిల్వల లెక్క చాలామందికి పరీక్షలో మార్కులు తెచ్చిపెట్టే సూత్రంగానే మిగిలిపోతుంది. 1913లో ఫోర్డ్ హ్యారిస్ ఇచ్చిన ఆర్డరు పరిమాణపు సూత్రం ప్రకారం, ఏడాదికి 10,000 ముక్కలు కావలసినప్పుడు, ఒక ఆర్డరు పెట్టడానికి 200 ఖర్చు, ఒక ముక్కను ఏడాది నిల్వ ఉంచడానికి 4 ఖర్చు అయినప్పుడు, ఒక్కసారికి 1,000 ముక్కలు తెప్పించడం మేలు. ఇంతవరకు అందరూ లెక్క వేస్తారు. ఆ వెయ్యికి బదులు 1,500 తెప్పిస్తే ఏమవుతుందని మాత్రం తక్కువమంది అడుగుతారు. ఆర్డర్లకూ నిల్వకూ అయ్యే మొత్తం ఖర్చు దాదాపు 8 శాతమే పెరుగుతుంది. అంటే ఈ సూత్రాన్ని దశాంశాల దాకా పట్టుకుని వేలాడడంలో అర్థం లేదు. లారీ నిండే పరిమాణానికో, సరఫరాదారు పెట్టె పరిమాణానికో సర్దుకుంటే సరిపోతుంది. సూత్రం ఎంత గట్టిదో తెలుసుకోవడంతోపాటు అది ఎంత సడలింపు ఇస్తుందో తెలుసుకోవడం కూడా చదువులో భాగమే.

ఆపరేషన్స్ రీసెర్చ్‌లో 1947 నాటి జార్జ్ డాంట్జిగ్ సింప్లెక్స్ పద్ధతిని చేత్తో రెండు మూడు లెక్కలు వేసి వదిలేయవచ్చు, ఆ తర్వాత కంప్యూటరే వేస్తుంది. సమస్యను పరిమితులుగా, లక్ష్యంగా మాటల నుంచి సమీకరణాల్లోకి మార్చే నేర్పును మాత్రం కంప్యూటర్‌కు వదిలేయకూడదు. ప్రాజెక్టుల కోసం, పనులను కాలం వెంట గీతలుగా చూపే గ్యాంట్ చార్ట్, ఏ పని ఆలస్యమైతే ప్రాజెక్టంతా ఆలస్యమవుతుందో లెక్కగట్టే 1950ల చివరి సీపీఎం, పెర్ట్ పద్ధతులు నేర్చుకోవాలి. అవి అంత కష్టమైనవి కావు.

కాస్ట్ అకౌంటింగ్‌ను ఇంజనీర్లు చిన్నచూపు చూస్తారు. అది పొరపాటు. ఫ్యాక్టరీ స్థిర ఖర్చులను తయారైన ప్రతి ముక్క మీదా పంచే పద్ధతిలో, అమ్ముడుపోని సరకును గోడౌనులో గుట్టలు పోసినా ఆ ఏడాది లాభం పెరిగినట్టే కనిపిస్తుంది, ఎందుకంటే ఆ ఖర్చులో కొంత భాగం నిల్వ విలువలో దాక్కుంటుంది. ఈ కిటుకు తెలియని ప్లానింగ్ ఇంజనీరు ఉత్పత్తి తగ్గించమని సలహా ఇచ్చి, నెలాఖరున లెక్కల విభాగం ముందు దోషిగా నిలబడవలసి వస్తుంది.

షాప్ ఫ్లోర్ మీద నేర్చుకోవలసినది

పనిని కొలవడం తరగతిలో ఒక గంట పాఠం. ఒక పనికి సగటున 50 సెకన్లు పట్టింది, చేసిన వ్యక్తి వేగం మామూలు కంటే పది శాతం ఎక్కువ అనిపించింది కాబట్టి దాన్ని 110గా వేసుకుంటే 55 సెకన్లు, అలసటకూ సొంత అవసరాలకూ మరో పది శాతం కలిపితే 60.5 సెకన్లు ప్రామాణిక సమయం అవుతుంది. లెక్క ఇంతే. అయితే ఆ 110 అనే అంకె కొలిచేవారి అంచనా మీద నిలబడుతుంది, కొలవబడే మనిషి తన వేగాన్ని మార్చుకునే స్వేచ్ఛ ఎప్పుడూ కలిగి ఉంటాడు.

నేను శిక్షణలో ఉన్నప్పుడు ఒక ప్లాంటులో ఎవరికీ ఏమీ చెప్పకుండా క్లిప్‌బోర్డు, స్టాప్‌వాచ్ పట్టుకుని ఒక ప్రెస్ పక్కన నిలబడ్డాను. మొదటి అరగంటలోనే ఆ ఆపరేటరు ప్రతి ముక్కనూ వెలుతురుకు ఎత్తి చూడడం, తుడవడం, పెట్టెలో చేత్తో సర్దడం మొదలుపెట్టాడు. నా దగ్గర మూడు పేజీల అంకెలు పోగయ్యాయి, వాటిలో ఒక్కటీ పనికిరాలేదు. మర్నాడు ఫోర్‌మన్ నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, ఎందుకు కొలుస్తున్నానో, ఆ అంకెలు ఎవరి చేతికి వెళతాయో అతడికి చెప్పించాడు. ఆ తర్వాత ఆ ఆపరేటరే తన చేతికి అందనంత దూరంలో ఉన్న పెట్టెను చూపించి, దాన్ని ఎడమవైపు మార్చమని రెండేళ్ళుగా అడుగుతున్నానని చెప్పాడు. నా స్టాప్‌వాచ్ పట్టుకోలేని విషయం అది.

కాబట్టి ఇంటర్న్‌షిప్‌కు వెళ్ళేవారు మొదటి వారం ఏ సలహా ఇవ్వకూడదు. ఒకే ఒక్క వస్తువును ఎంచుకుని, అది గేటు దగ్గర లారీ నుంచి దిగిన క్షణం నుంచి తిరిగి లారీ ఎక్కేదాకా దాని వెంట నడవాలి. ఎక్కడ ఎన్ని గంటలు ఆగింది, ఎన్ని మీటర్లు ప్రయాణించింది, ఎన్నిసార్లు ఎత్తి దించారు, ఏ రిజిస్టరులో ఎవరు సంతకం చేశారు అన్నవి రాసుకోవాలి. టయోటాలో తైచి ఓనో వృథాను ఏడు రకాలుగా చెప్పారు: అధికోత్పత్తి, ఎదురుచూపు, రవాణా, అవసరం లేని ప్రక్రియ, నిల్వ, అనవసరపు కదలిక, లోపాలు. ఈ నడకలో ఆ ఏడూ పేరుపేరునా ఎదురవుతాయి. రాత్రి షిఫ్టుకు కూడా కనీసం మూడుసార్లు వెళ్ళాలి, ఎందుకంటే పగటి షిఫ్టులో ఎవరో ఒకరు సర్దేసే లోపాలు అధికారులు లేని వేళ ఉన్నవున్నట్టుగా బయటపడతాయి.

ప్రాజెక్టు అంశాన్ని చిన్నదిగా పెట్టుకోవాలి. ప్లాంటు మొత్తం ఉత్పాదకత పెంపు అని రాసిచ్చిన ప్రాజెక్టును ఇంటర్వ్యూలో ఎవరూ నమ్మరు. ఒక్క యంత్రం తీసుకుని దాని సమగ్ర సామర్థ్యాన్ని లెక్కగట్టినా అంతకంటే బరువుంటుంది. 480 నిమిషాల షిఫ్టులో 60 నిమిషాలు ఆగిపోతే లభ్యత 87.5 శాతం, నడిచిన సమయంలో ఉండవలసిన వేగంలో 90 శాతమే అందుకుంటే, వచ్చిన ముక్కల్లో 96 శాతమే మంచివైతే, మూడింటినీ గుణించగా 75.6 శాతం వస్తుంది. విడివిడిగా చూస్తే పరవాలేదనిపించే మూడు అంకెలు కలిసి పావువంతు సామర్థ్యాన్ని మింగేశాయి. ఆ 60 నిమిషాలు ఏ కారణాల కింద పోయాయో రెండు వారాల పాటు నమోదు చేసి, అందులో పెద్ద కారణం ఒక్కదాన్ని తగ్గించి చూపించగలిగితే ప్రాజెక్టు పూర్తయినట్టే.

సాఫ్ట్‌వేర్ గురించి రెండు మాటలు చాలు. స్ప్రెడ్‌షీట్‌ను పివట్ టేబుల్స్‌తో సహా చేతివాటంగా వాడగలగాలి, డేటాబేస్ నుంచి కావలసినది తీసుకునేంత ఎస్‌క్యూఎల్ రావాలి, ఏదో ఒక ఈఆర్‌పీలో (సంస్థ విభాగాలన్నిటి లెక్కలనూ ఒకచోట నడిపే సాఫ్ట్‌వేర్‌లో) ఆర్డరు ఎలా పుట్టి ఎలా మూసుకుంటుందో చూసి ఉండాలి. మిగిలినవి ఉద్యోగమే నేర్పుతుంది.

ఉద్యోగాలు

కొత్తగా చదువు ముగించినవారు ఎక్కువగా ఉత్పత్తి ప్రణాళిక విభాగంలో అడుగుపెడతారు. అక్కడి పని ఏమిటో ఒక సైకిల్ ఉదాహరణతో చెప్పవచ్చు. వచ్చే నెల 500 సైకిళ్ళు పంపాలి. ఒక్కో సైకిలుకు రెండు చక్రాలు, చక్రానికి 36 స్పోకుల చొప్పున 36,000 స్పోకులు కావాలి. స్టోర్స్‌లో 10,000 ఉన్నాయి, కాబట్టి 26,000 తెప్పించాలి, సరఫరాకు రెండు వారాలు పడుతుంది కాబట్టి ఫలానా తేదీలోగా ఆర్డరు వెళ్ళాలి. ఇలా ప్రతి విడిభాగానికీ ఈఆర్‌పీ లెక్కవేస్తుంది. ప్లానర్ అవసరం ఆ లెక్క తప్పినచోట మొదలవుతుంది: రికార్డులో ఉన్న 10,000 స్పోకుల్లో మూడువేలు తుప్పు పట్టి ఉంటాయి, ఒక వినియోగదారుడు తన ఆర్డరు ముందుకు జరపమంటాడు, రిమ్ములు తయారుచేసే యంత్రం ఆగిపోతుంది. ఉదయాన్నే షార్టేజ్ లిస్టు చేతపట్టుకుని కొనుగోలు విభాగానికీ, స్టోర్స్‌కూ, సూపర్‌వైజర్లకూ మధ్య తిరుగుతూ, ఏ ఆర్డరును కాపాడాలి, దేన్ని ఆలస్యం చేయాలి, ఆ సంగతి అమ్మకాల వారికి ఎలా చెప్పాలి అని తేల్చడమే రోజులో సగం పని. ఒత్తిడి ఎక్కువే. అయినా కర్మాగారంలోని ప్రతి విభాగం ఎలా ఆలోచిస్తుందో రెండేళ్ళలో తెలియజెప్పే ఉద్యోగం దీనికి మించి మరొకటి లేదన్నది నా అభిప్రాయం.

నాణ్యతా విభాగం రెండో పెద్ద ద్వారం. లోపాన్ని పట్టుకునే ఇన్‌స్పెక్షన్‌కూ, లోపం పుట్టకుండా ప్రక్రియను కట్టడి చేసే క్వాలిటీ ఇంజనీరింగ్‌కూ తేడా ఉంది. ఉద్యోగంలో చేరేముందు అది ఈ రెండింటిలో ఏదో అడిగి తెలుసుకోవాలి. లోపాలను తగ్గించే సిక్స్ సిగ్మా పద్ధతి 1980లలో మోటరోలాలో రూపుదిద్దుకుంది, పది లక్షల అవకాశాలకు 3.4 లోపాలన్నది దాని ప్రసిద్ధమైన గురి. అందులోని స్థాయులైన గ్రీన్ బెల్ట్, బ్లాక్ బెల్ట్ సర్టిఫికెట్లు ఉపయోగపడతాయి గానీ, వాటితోపాటు పూర్తిచేసిన ప్రాజెక్టు ఒకటి చూపించలేకపోతే ఆ బెల్టు నడుముకే పరిమితం. సరఫరాదారుల దగ్గరికి వెళ్ళి వారి ప్రక్రియలను తనిఖీ చేసే సప్లయర్ క్వాలిటీ ఉద్యోగంలో ప్రయాణాలు ఎక్కువ, ఒకే రకం భాగాన్ని పది కర్మాగారాలు పది రకాలుగా తయారు చేయడం చూసే అవకాశమూ ఎక్కువ.

సప్లై చైన్, కొనుగోలు, గిడ్డంగుల నిర్వహణ మరో వైపు. ప్లాంటు నిర్వహణకు చేరాలనుకునేవారు మాత్రం లైను సూపర్‌వైజరుగా కొంతకాలం మనుషులను నడిపించక తప్పదు. షిఫ్టు మొదలయ్యేసరికి ముగ్గురు రాకపోతే ఎవరిని ఎక్కడ నిలబెట్టాలి, భద్రతా నియమం ఒకటి మీరిన సీనియర్ కార్మికుడితో అందరి ముందూ మాట్లాడాలా పక్కకు పిలిచి మాట్లాడాలా అన్నవాటికి జవాబులు అక్కడే దొరుకుతాయి. మెయింటెనెన్స్ ప్లానింగ్, పారిశ్రామిక భద్రత, ప్రాజెక్టు నిర్వహణ రంగాల్లోనూ స్థానం ఉంటుంది. ప్రాజెక్టుల వైపు వెళ్ళేవారు పీఎంపీ సర్టిఫికెట్ గురించి, ప్రణాళిక, నిల్వల వైపు వెళ్ళేవారు సీపీఐఎం సర్టిఫికెట్ గురించి ఆలోచించవచ్చు, అదీ కొంత అనుభవం వచ్చాకే.

ఈ చదువుకు కర్మాగారపు గోడలు హద్దు కాదు. శస్త్రచికిత్సలో పనిముట్ల కోసం వైద్యుడే వెతుక్కోకుండా పక్కన నిలబడిన నర్సు అందించాలని సూచించినవారిలో ఇటుకల కదలికలు లెక్కించిన గిల్‌బ్రెత్ ముందువరుసలో ఉన్నారు. ఆసుపత్రుల్లో ఆపరేషన్ థియేటర్ల షెడ్యూలు, విమానాశ్రయాల్లో భద్రతా తనిఖీ వరుసలు, కాల్ సెంటర్లలో షిఫ్టుల కేటాయింపు, ఆన్‌లైన్ అమ్మకాల గిడ్డంగుల్లో సరకు ఏరుకునే దారులు అన్నీ ఇవే లెక్కలతో నడుస్తాయి. కన్సల్టింగ్ సంస్థలు కొత్తవారిని తీసుకుంటాయి, జీతమూ ఆకర్షణీయంగా ఉండవచ్చు. కానీ ఒక్క లైనునైనా తన బాధ్యత మీద నడపని మనిషి వేరేవారి లైనుకు సలహా ఇస్తే ఆ సలహా స్లైడ్లలోనే ఉండిపోతుంది. మూడు నాలుగేళ్ళు ప్లాంటులో గడిపి అటు వెళ్ళడం మేలు.

ఇంటర్వ్యూకు, మొదటి ఏడాదికి

ఇంటర్వ్యూలో నిర్వచనాలు అడిగేవారు తక్కువ. మీ ప్రాజెక్టులో ఏ అంకె ఎంత నుంచి ఎంతకు మారింది, దాన్ని ఎలా కొలిచారు, మీరు వచ్చేశాక ఆ మార్పు నిలబడిందా అని అడుగుతారు. మూడో ప్రశ్నకు నిలబడలేదన్నదే నిజమైతే అదే చెప్పి, ఎందుకు నిలబడలేదో వివరించాలి. ప్లాంటు నుంచి వచ్చిన ఇంటర్వ్యూ బోర్డుకు ఆ జవాబు కొత్తేమీ కాదు. చేతిలో ఒక పేజీలో గీసిన ప్రక్రియ పటం ఉంటే తీసి బల్ల మీద పెట్టాలి. మాటలతో పది నిమిషాలు పట్టేది రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

ఉద్యోగంలో చేరాక మొదటి మూడు నెలలు ఒక చిన్న నోటుపుస్తకం జేబులో ఉంచుకుని, లైను ఆగిన ప్రతిసారీ సమయం, కారణం, తిరిగి ఎవరు నడిపించారు అన్న మూడూ రాసుకోవాలి. కంప్యూటర్‌లోని డౌన్‌టైమ్ నివేదికలో కారణాల జాబితా ముందే కట్టి ఉంటుంది కాబట్టి ఆపరేటర్లు చేతికి దొరికిన మొదటి కారణాన్నే నొక్కుతారు, "ఇతరములు" అన్న గడి ఎప్పుడూ పొడుగ్గా ఉంటుంది. నెలాఖరున మీ పుస్తకంలోని కారణాలను ఆ నివేదికతో పక్కపక్కన పెట్టి చూసుకుని, రెండూ ఎక్కడ పొసగలేదో ఆ యంత్రం దగ్గరికి ముందుగా వెళ్ళండి.